ఉద్యోగాల పేరిట ప్రభుత్వం పెట్టే ఖర్చును లెక్కగట్టడం ఎలా?

ఉపాధి కల్పనకు ఇన్ని వేల కోట్లు, దానివల్ల ఇన్ని లక్షల ఉద్యోగాలు అని ప్రభుత్వం ప్రకటించగానే చాలామంది మొదటి అంకెను రెండో అంకెతో భాగించి, ఒక్కో ఉద్యోగానికి ఎంత పడిందో చూసుకుంటారు. ఆ భాగహారం తప్పు కాదు గానీ, అది మొదట చేయవలసిన పని కాదు, చిట్టచివర చేయవలసిన పని. ప్రకటనలోని డబ్బు నిజంగా ఖర్చయిన డబ్బు కాకపోవచ్చు. అందులోని ఉద్యోగం ఏడాది పొడవునా సాగేది కావచ్చు, ఇరవై రోజుల కూలి పనీ కావచ్చు. ఈ రెండూ తేలకుండా వచ్చిన సగటును నమ్ముకుని ఒక పథకాన్ని మెచ్చుకున్నా, తెగడినా అది తొందరపాటే అవుతుంది.

ఈ లెక్క వేయడానికి ఆర్థికశాస్త్రం చదివి ఉండనక్కరలేదు. బడ్జెట్ పత్రాలు, ఒక కాలిక్యులేటర్, కొంత ఓపిక ఉంటే చాలు. అయితే మొదటినుంచి చివరిదాకా ఒక ప్రశ్నను మాత్రం వదలకూడదు: ఈ డబ్బు ఖర్చు చేయకపోయి ఉంటే ఏం జరిగేది? కింద చెప్పే మెట్లన్నీ ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

ముందుగా అది ఏ డబ్బో తేల్చుకోండి

ప్రకటనలోని మొత్తం ఎన్ని సంవత్సరాలకు సంబంధించినదో మొదట రాసుకోండి. అయిదేళ్ల మొత్తాన్ని ఒకే అంకెగా చెప్పడం ఏ దేశంలోనైనా మామూలే. ఆ తర్వాత అందులో కొత్తగా ఇస్తున్నదెంతో, పాత పథకాలను కలిపి కొత్త పేరు పెట్టినదెంతో విడదీయండి. పాత పథకాల నిరుటి కేటాయింపులను కూడి, కొత్త మొత్తంలోంచి తీసివేస్తే అసలు పెరుగుదల తేలుతుంది. రుణాలకు ఇచ్చే హామీలు, పన్ను మినహాయింపులు కూడా ఒక్కోసారి ఇదే మొత్తంలో చేరతాయి. హామీ అన్నది రుణం ఎగ్గొట్టినప్పుడే ఖర్చవుతుంది. మినహాయింపు ఖజానాకు రాకుండా పోయే ఆదాయమే తప్ప ఖజానా నుంచి బయటికి వెళ్లే డబ్బు కాదు. వీటిని వేరే వరుసల్లో రాయండి.

ఇక ముఖ్యమైన విషయం. బడ్జెట్ కేటాయింపు, ఏడాది మధ్యలో సవరించిన అంచనా, ఖాతాలు ముగిశాక తేలిన వాస్తవ వ్యయం అనే మూడింటినీ పక్కపక్కన పెట్టండి. ఉపాధి, శిక్షణ పథకాల్లో వీటి మధ్య తేడా తరచుగా పెద్దదిగా ఉంటుంది. ఎందుకంటే డబ్బు సిద్ధంగా ఉన్నా యజమానులు ముందుకు రావాలి, శిక్షణ కేంద్రాలు తెరుచుకోవాలి, అభ్యర్థులు చేరాలి. బ్రిటన్‌లో 2020లో యువత కోసం ప్రారంభించిన కిక్‌స్టార్ట్ పథకం ఆరు నెలల కొలువులు రెండున్నర లక్షలు కల్పిస్తామని లక్ష్యం పెట్టుకుంది. పథకం ముగిసేసరికి కొలువుల్లో చేరినవారు సుమారు 1.6 లక్షల మంది. ఇటువంటి సందర్భంలో కేటాయింపును చేరినవారి సంఖ్యతో భాగిస్తే ఖర్చు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వాస్తవ వ్యయాన్ని లక్ష్యంతో భాగిస్తే లేని చవకతనం కనిపిస్తుంది. లక్ష్యానికి కేటాయింపు, ఫలితానికి వాస్తవ వ్యయం: ఈ జతలు తారుమారు కాకుండా చూసుకోండి.

ఖర్చును రకాల వారీగా విడదీయండి

ఉపాధి వ్యయం అనే ఒకే గొడుగు కింద ఒకదానితో ఒకటి పొంతన లేని ఖర్చులు ఉంటాయి. ఉద్యోగం పోయినవారికి ఇచ్చే భృతి ఆదాయానికి ఆసరా ఇస్తుందే తప్ప కొత్త ఉద్యోగాన్ని పుట్టించదు. ప్రభుత్వమే కూలి ఇచ్చి పని చేయించడం, యజమానికి వేతన రాయితీ ఇవ్వడం, శిక్షణ ఇప్పించడం, ఉద్యోగం వెతకడంలో తోడ్పడటం, స్వయం ఉపాధికి పెట్టుబడి సమకూర్చడం మరొక కోవలోకి వస్తాయి. ఎక్కువగా సంపన్న దేశాల కూటమి అయిన ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) కూడా సభ్యదేశాల లెక్కలను ఇలా క్రియాశీల చర్యలు, ఆదాయ భద్రత చర్యలు అని విడదీసే ప్రచురిస్తుంది. వీటికి తోడు రోడ్లు, రైలు మార్గాల వంటి మూలధన వ్యయాన్ని కూడా ఉద్యోగాల ఖాతాలో చూపించే అలవాటు ప్రభుత్వాలకు ఉంది. రోడ్డు వేయడం ఎలాగూ జరిగేదే అయితే, దాన్ని ఉపాధి పథకంగా లెక్కించడం ఒకే ఖర్చుకు రెండుసార్లు మెప్పు పొందడమే.

ఇలా విడదీయడం పద్దుల చక్కదనం కోసం కాదు. ఒక్కో రకాన్ని ఒక్కో ప్రశ్నతో పరీక్షించాలి. ప్రభుత్వమే చేయించే పనుల్లో మొత్తం ఖర్చులో కూలికి ఎంత పోయింది, సామగ్రికి ఎంత పోయింది అన్నది మొదట అడగాలి. భారతదేశం 2005లో చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం సామగ్రి వాటా 40 శాతం దాటకూడదని నియమం పెట్టింది ఇందుకే. యంత్రాలకూ సిమెంటుకూ సింహభాగం పోతే కూలీలకు మిగిలేది కొద్ది. వేతన రాయితీ అయితే, ఆ యజమాని రాయితీ లేకపోయినా ఆ మనిషిని తీసుకునేవాడా అని అడగాలి. శిక్షణ అయితే, ఆ శిక్షణ తర్వాత రెండేళ్లకు ఆ మనిషి ఎంత సంపాదిస్తున్నాడో అడగాలి.

ఉన్న ఉద్యోగాలను నిలబెట్టడానికి పెట్టే ఖర్చు వీటన్నింటికీ వేరు. జర్మనీలో కుర్ట్సార్‌బైట్ అనే ఏర్పాటు ఉంది. గిరాకీ పడిపోయినప్పుడు సంస్థ పని గంటలు తగ్గిస్తుంది, కోల్పోయిన నికర వేతనంలో మామూలుగా 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వ ఉపాధి నిధి భర్తీ చేస్తుంది. 2020 ఏప్రిల్‌లో సుమారు 60 లక్షల మంది ఈ ఏర్పాటు కింద ఉన్నారు. వారందరినీ కాపాడిన ఉద్యోగాలుగా లెక్కించడం పొరపాటు, ఎందుకంటే ఆ సాయం లేకపోయినా చాలా సంస్థలు చాలామందిని తీసేసి ఉండేవి కావు. అలాగని ఎవరూ ఉద్యోగం కోల్పోయేవారు కాదనడమూ అంతే పొరపాటు.

ఉద్యోగం అనే మాటకు కొలత అడగండి

ఒక మనిషికి ఏడాది పొడవునా పూర్తికాలం పని దొరికితే దాన్ని ఒక ఉద్యోగ సంవత్సరం అనుకోండి. పత్రంలో ఏ రూపంలో కనిపించినా, లెక్కను ఈ కొలతలోకి మార్చండి. ఏడాదికి 250 పనిదినాలు అనుకుంటే 50 లక్షల పనిదినాలు 20,000 ఉద్యోగ సంవత్సరాలవుతాయి. సగం రోజు పని చేసేవారు ఇద్దరు ఒక్కరితో సమానం. ఆరు నెలలకు ముగిసే కొలువు సగం ఉద్యోగ సంవత్సరం. ఈ మార్పిడి వల్ల పథకం చిన్నదిగా కనబడుతుందని కొందరు నొచ్చుకుంటారు గానీ, రెండు పథకాలను పోల్చడానికి ఇంతకంటే నిజాయితీ గల దారి లేదు.

మాట మారితే లెక్క ఎంత మారుతుందో అమెరికా అనుభవం చూపిస్తుంది. 2009 ఆర్థిక పునరుద్ధరణ చట్టం కింద, ఆమోదించిన నాటి అంచనా ప్రకారం 787 వందల కోట్ల డాలర్లు, అంటే 78,700 కోట్ల డాలర్లు వెచ్చించాలని నిర్ణయించారు. నిధులు అందుకున్న ప్రతి సంస్థా తాను సృష్టించిన లేదా కాపాడిన ఉద్యోగాలు ఎన్నో స్వయంగా నివేదించాలని మొదట నియమం పెట్టారు. కాపాడిన ఉద్యోగం అంటే ఏమిటో ఎవరి ఊహ వారిది. అసలు ఉనికిలోనే లేని నియోజకవర్గాల పేర్ల మీద ఉద్యోగాలు నమోదై నవ్వులపాలయ్యాక, ఆ ఏడాది చివరికి నియమం మార్చారు. ఆ త్రైమాసికంలో ఆ నిధులతో వేతనం చెల్లించిన పని గంటలను పూర్తికాల ఉద్యోగాల కిందికి మార్చి చెబితే చాలన్నారు. కొత్త కొలత తక్కువ గొప్పగా ఉంది, కానీ సరిచూడటానికి వీలుగా ఉంది. మీరు చదివే పత్రంలో సృష్టించిన, కాపాడిన, ప్రభావితమైన, పరోక్షంగా లబ్ధి పొందిన వంటి మాటలు కనబడితే, వాటి పక్కన నిర్వచనం ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ అంకెను మీ పట్టికలోకి ఎక్కించకండి.

స్థూల లెక్క నుంచి నికర లెక్కకు రండి

ఇది అన్నింటిలోకీ కష్టమైన మెట్టు, చాలా వార్తాకథనాలు ఇక్కడిదాకా రాకుండానే ఆగిపోతాయి. మూడు కోతలు వేయాలి. రాయితీ లేకపోయినా జరిగి ఉండే నియామకాలను తీసేయడం మొదటిది. రాయితీ వచ్చే మనిషిని తీసుకోవడం కోసం రాయితీ రాని మనిషిని పక్కన పెట్టిన సందర్భాలను తీసేయడం రెండోది. రాయితీ పొందిన సంస్థ చవకగా అమ్మి, రాయితీ పొందని పోటీ సంస్థ అమ్మకాలను లాక్కున్నందువల్ల అక్కడ పోయిన ఉద్యోగాలను తీసేయడం మూడోది.

ఒక ఊహా పథకంతో చేసి చూద్దాం. ఖర్చు 100 కోట్లు, ప్రకటించిన ఉద్యోగాలు 10,000. తొలి భాగహారంలో ఒక్కో ఉద్యోగానికి లక్ష పడింది. అవి ఆరు నెలల ఉద్యోగాలని తేలింది కాబట్టి 5,000 ఉద్యోగ సంవత్సరాలు, ఒక్కోదానికి రెండు లక్షలు. వందకు నలభై నియామకాలు ఎలాగూ జరిగేవే అనుకుంటే మిగిలినవి 3,000. వాటిలో నాలుగో వంతు ఇతరులను తోసి వచ్చినవి అనుకుంటే మిగిలినవి 2,250. ఇప్పుడు ఒక్కో ఉద్యోగ సంవత్సరానికి పడిన ఖర్చు సుమారు 4.4 లక్షలు. ఇక్కడ నలభై, నాలుగో వంతు అన్నవి నేను ఉదాహరణకు పెట్టిన అంకెలు. మీరు లెక్క వేసేటప్పుడు ఒకే అంకె మీద నిలబడకుండా తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు ఊహలతో మూడు ఫలితాలు రాసి పెట్టండి. మూడింట్లోనూ పథకం మెరుగ్గానే కనిపిస్తే మీ తీర్పు గట్టిది. ఒకదానిలో మాత్రమే మెరుగ్గా కనిపిస్తే ఆ ఊహకు ఆధారం ఏమిటో మీరు చెప్పగలగాలి.

పథకం రూపకల్పనలోనే ఈ కోతలను తగ్గించే ప్రయత్నం ఉందేమో కూడా గమనించండి. అమెరికాలో 1977, 78 సంవత్సరాల్లో అమలైన కొత్త ఉద్యోగాల పన్ను రాయితీ ప్రతి నియామకానికీ వర్తించలేదు. అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఉపాధి 2 శాతానికి మించి పెరిగినప్పుడు, ఆ మించిన భాగానికే రాయితీ వచ్చింది. ఉన్న ఉద్యోగిని తీసేసి కొత్తవాడిని పెట్టుకుని రాయితీ పొందే దారి దీనివల్ల చాలావరకు మూసుకుపోతుంది. మీరు చదివే పథకంలో ఇటువంటి షరతు లేకపోతే, మొదటి కోతను పెద్దదిగానే వేయండి.

ఇతరులను తోసివేయడం ఊహ మాత్రమే కాదని ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పెద్ద ప్రయోగం చూపించింది. అక్కడ 235 ఉపాధి కార్యాలయాల పరిధుల్లో, చదువుకున్న నిరుద్యోగ యువతకు ఉద్యోగం వెతకడంలో అదనపు తోడ్పాటు ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలన్నదే కాక, ఎంతమందికి ఇవ్వాలన్న నిష్పత్తిని కూడా ఒక్కో ప్రాంతానికి లాటరీ పద్ధతిలోనే నిర్ణయించారు. తోడ్పాటు పొందినవారికి స్థిరమైన ఉద్యోగాలు ముందుగా దొరికాయి. అయితే అదే ప్రాంతంలో తోడ్పాటు పొందని యువతకు అవకాశాలు కొంత తగ్గాయి. వరుసలో ఒకరు ముందుకు జరిగితే మరొకరు వెనక్కి జరిగారన్నమాట. సాయం పొందినవారిని, పొందని పొరుగువారితో పోల్చి సంబరపడిన నివేదికలను ఈ దృష్టితో మళ్లీ చదవండి.

శిక్షణ లెక్కను విడిగా, ఓపికగా చేయండి

శిక్షణ పథకాల నివేదికల్లో మొదట కనిపించేది చేరినవారి సంఖ్య. ఆ తర్వాత పూర్తిచేసినవారు, పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ పొందినవారు, ఉద్యోగంలో చేరినవారు, ఆరు నెలల తర్వాత కూడా అందులో ఉన్నవారు, ఏడాది తర్వాత వారి వేతనం అంటూ వరుస సాగాలి. ఈ మెట్లన్నింటినీ ఒకే వరుసలో రాసి, ప్రతి మెట్టు దగ్గరా ఎంతమంది జారిపోయారో చూడండి. నివేదిక ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో అక్కడ అనుమానం మొదలుపెట్టండి. సర్టిఫికెట్ల సంఖ్య చెప్పి ఊరుకున్న పథకం చదువు చెప్పడాన్ని కొలిచిందే గానీ ఉపాధిని కొలవలేదు. ఉద్యోగంలో చేరారన్న అంకె ఉంటే, అది శిక్షణకు సంబంధించిన పనేనా, ఎన్ని రోజులు చేస్తే చేరినట్టు లెక్క, ఆధారం వేతన చీటీయా, లేక శిక్షణ కేంద్రం రాసిచ్చిన కాగితమా అని అడగండి.

ముందు, తర్వాత అన్న పోలిక ఇక్కడ బాగా మోసం చేస్తుంది. మనుషులు సాధారణంగా ఉద్యోగం పోయినప్పుడో ఆదాయం పడిపోయినప్పుడో శిక్షణలో చేరతారు. ఆర్థికవేత్త ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ 1978లో ఈ సంగతిని అంకెలతో చూపించారు: శిక్షణకు ముందు ఏడాది వారి సంపాదన ఒక పల్లంలోకి దిగి ఉంటుంది. పల్లంలో ఉన్నవారిలో చాలామంది శిక్షణ లేకపోయినా కొంతకాలానికి పైకి వస్తారు. అందువల్ల శిక్షణకు ముందు ఇంత, తర్వాత ఇంత అని చూపే పెరుగుదలలో ఒక భాగం శిక్షణ ఘనత కాదు. దరఖాస్తు చేసుకుని కూడా సీటు దొరకనివారి సంపాదనతో పోల్చడం ఇంతకంటే మెరుగు. సీట్లను లాటరీతో ఇచ్చి ఉంటే ఆ పోలిక మరింత గట్టిది.

అమెరికాలో 1982 నాటి ఉద్యోగ శిక్షణ భాగస్వామ్య చట్టం అమలును 1980ల చివర్లో ఇదే పద్ధతిలో పరీక్షించారు. సుమారు 20 వేల మంది దరఖాస్తుదారులను లాటరీతో రెండు వర్గాలు చేసి, సంపాదనను చాలా కాలం గమనించారు. వయోజనులకు ఓ మోస్తరు లాభం కనిపించింది. బడి మానేసిన యువతకు లాభం కనిపించలేదు. ఆ చట్టం నుంచి నేర్వదగ్గ ఇంకో సంగతి కూడా ఉంది. ఉద్యోగంలో చేరినవారి శాతాన్ని బట్టి స్థానిక సంస్థలకు ప్రోత్సాహకం ఇచ్చేవారు కాబట్టి, ఎలాగూ ఉద్యోగం తెచ్చుకోగలవారినే ఏరి చేర్చుకునే ప్రోద్బలం వాటికి కలిగింది. ఉద్యోగంలో చేరినవారి శాతం ఎంత ఎక్కువగా ఉంటే పథకం అంత మంచిదన్న నమ్మకం మీకుంటే దాన్ని ఇక్కడే వదులుకోండి. తొంభై శాతం అన్న అంకె కనబడితే, చేరేనాటికి వారి చదువు, వయసు, నిరుద్యోగంలో గడిపిన కాలం ఏమిటో ముందు చూడండి.

కాలవ్యవధి విషయంలో మాత్రం శిక్షణ పథకాల పట్ల కొంత ఓర్పు చూపడం న్యాయం. శిక్షణలో ఉన్నన్నాళ్లూ మనిషి ఉద్యోగం వెతకడు, కాబట్టి మొదటి ఏడాది అంకెలు పేలవంగా ఉంటాయి. వివిధ దేశాల్లో జరిగిన రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన ఒక సమీక్షలో, ఇటువంటి పథకాల సగటు ప్రభావం మొదట్లో సున్నాకు దగ్గరగా ఉండి, ముగిసిన రెండు మూడేళ్ల తర్వాత మెరుగుపడుతుందని తేలింది. శిక్షణ వంటి పథకాల్లో ఈ మెరుగుదల స్పష్టంగా కనిపించింది. ప్రభుత్వమే తాత్కాలికంగా పని ఇచ్చే పథకాల్లో, ఆ తర్వాతి ఉపాధి దృష్ట్యా, దాదాపు కనబడలేదు. అందుకని ఎన్నికల ముందు ఏడాది మొదలై ఎన్నికలయ్యాక లెక్క తేల్చే పథకాన్ని ఆ గడువులో మెచ్చుకోవడం గానీ తిట్టడం గానీ రెండూ తొందరే.

నడివయసులో వృత్తి మార్చుకోవలసినవారి విషయంలో ఫీజు అన్నది అసలు ఖర్చులో చిన్న భాగం. శిక్షణ సాగే నెలల్లో పోయే వేతనం, ఇంటి బాధ్యతలు, ప్రయాణం వీటి బరువే ఎక్కువ. పథకంలో స్టైపెండ్ ఉందా, ఉంటే అది పాత వేతనంలో ఎన్నో వంతు, శిక్షణ సాయంత్రం వేళల్లో దొరుకుతుందా, యజమాని ముందుగానే నియామకానికి ఒప్పుకున్నాడా అన్న ప్రశ్నలు వేయండి. నా అభిప్రాయంలో, తరగతి గది కట్టడానికి ఎంత ఇచ్చారన్నదానికంటే కూర్చున్నవాడి ఇల్లు గడవడానికి ఎంత ఇచ్చారన్నదే ఆ పథకం గురించి ఎక్కువ చెబుతుంది.

పౌరుడి చేతికే శిక్షణ డబ్బు ఇచ్చే ఖాతాలు, వోచర్లు ఉన్న చోట మోసాన్ని కూడా ఒక పద్దుగా చూడాలి. బ్రిటన్ 2000లో వ్యక్తిగత శిక్షణ ఖాతాలు ప్రారంభించి, పాతిక లక్షలకు పైగా ఖాతాలు తెరిచాక, బోధన సంస్థల మోసాలు బయటపడటంతో 2001 నవంబరులో ఇంగ్లండ్‌లో మూసేసింది. సింగపూర్ 25 ఏళ్లు దాటిన పౌరులకు 500 సింగపూర్ డాలర్ల శిక్షణ నిధిని 2016లో అందుబాటులోకి తెచ్చింది. ఆ నైపుణ్య కార్యక్రమం కిందనే 2017లో ఒక ముఠా నకిలీ పత్రాలతో దాదాపు 4 కోట్ల సింగపూర్ డాలర్లు కాజేసింది. సింగపూర్ పథకాన్ని మూయలేదు, తనిఖీలు బిగించి కొనసాగించింది. ఫ్రాన్స్ కూడా ఇటువంటి ఖాతాల పేరిట వచ్చే ఫోన్ కాల్స్‌ను 2022 డిసెంబరు చట్టంతో నిషేధించి, శిక్షణ పొందేవారిలో చాలామంది 100 యూరోలు తమ జేబులోంచి పెట్టాలన్న నియమాన్ని 2024లో తెచ్చింది. కాబట్టి మోసం జరిగిందన్న వార్త కనబడగానే పథకాన్ని కొట్టేయకండి. బోధన సంస్థను ఎవరు ఆమోదిస్తారు, హాజరును ఎవరు సరిచూస్తారు, డబ్బు ఎప్పుడు విడుదలవుతుంది అన్న మూడు అంశాలూ చూడండి. మొత్తం ఫీజు చేరిన రోజే చెల్లించే పథకం గాలికి దీపం పెట్టినట్టే.

తిరిగి వచ్చేదాన్నీ, మిగిలేదాన్నీ కలపండి

ఇంతవరకూ కోతలే వేశాం గనుక, పథకానికి రావలసిన ఖాతా కూడా వేయాలి. ఉద్యోగం దొరికినవారికి ఇక ఇవ్వనక్కరలేని భృతి, వారు కట్టే పన్ను ప్రభుత్వానికి తిరిగి వస్తాయి. పనుల ద్వారా ఆస్తి మిగులుతుంది. అమెరికాలో 1935 నుంచి 1943 వరకు నడిచిన, నిరుద్యోగులకు ప్రభుత్వమే పని ఇచ్చిన డబ్ల్యూపీఏ అనే సంస్థ సుమారు 85 లక్షల మందికి పని ఇవ్వడమే కాక, సుమారు ఆరున్నర లక్షల మైళ్ల రోడ్లను నిర్మించడమో బాగుచేయడమో చేసింది. ఆ రోడ్ల విలువ కలపకుండా కూలి ఖర్చును మాత్రమే ఉద్యోగాలతో భాగిస్తే అన్యాయమవుతుంది. కాలాన్ని కూడా గమనించండి. మాంద్యంలో పని లేని చేతులు ఎక్కువ కాబట్టి ఇతరులను తోసివేసే కోత చిన్నది. మనుషులు దొరకడమే కష్టమైన మంచి రోజుల్లో అదే పథకం ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మనుషులను మార్చడంతో సరిపెట్టుకోవచ్చు.

పత్రాలు సేకరించి, ప్రశ్నలు రాతపూర్వకంగా వేయండి

బడ్జెట్ పద్దులతో పాటు శాఖ వార్షిక నివేదిక, ప్రభుత్వ ఆడిట్ సంస్థ నివేదిక, చట్టసభలో అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు చదవండి. వీటిలో ఆడిట్ నివేదికే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే శాఖ చెప్పిన అంకెను క్షేత్రంలో సరిచూసే అధికారం ఆ సంస్థకు ఉంటుంది. సమాచార హక్కు చట్టం ఉన్న చోట దరఖాస్తు పెట్టండి. ఎన్ని ఉద్యోగాలు ఇచ్చారు అని అడిగితే ప్రకటనలోని అంకే మళ్లీ వస్తుంది. దానికి బదులు, ఉద్యోగం అన్న మాటకు శాఖ వాడిన నిర్వచనం ప్రతిని, ఆరు నెలల తర్వాత వారి పరిస్థితి కనుక్కునే సర్వే చేసి ఉంటే దాని ప్రశ్నావళిని, వాస్తవ వ్యయం ఏడాది వారీగా అడగండి. వ్యక్తుల పేర్లు, వివరాలు అడగనక్కరలేదు, పేర్లు తీసేసిన పట్టిక చాలు.

వీలుంటే ఒక పని స్థలాన్నో శిక్షణ కేంద్రాన్నో స్వయంగా చూడండి. మస్టర్ రోల్‌లో, అంటే హాజరు పట్టీలో, ఆ రోజు ఉన్న సంతకాలకూ ఎదుట పని చేస్తున్న మనుషులకూ పొంతన ఉందో లేదో తెలుసుకోవడానికి గంట చాలు. ఒక్క చోట చూసినదాన్ని పథకమంతటికీ అంటగట్టకండి, కానీ ఏ ప్రశ్న అడగాలో అది మీకు నేర్పుతుంది.

చివరగా ఇవన్నీ ఒకే పట్టికలోకి ఎక్కించండి: ప్రకటించిన మొత్తం, వాస్తవ వ్యయం, ఉద్యోగ సంవత్సరాలు, మూడు ఊహలతో నికర సంఖ్య, తిరిగి వచ్చినది, మిగిలిన ఆస్తి. ప్రతి అంకె పక్కనా అది ఏ పత్రంలో ఏ పుటలో ఉందో, మీరు ఏ తేదీన చూశారో రాయండి. తర్వాతి బడ్జెట్‌లో ఈ ఏడాది వాస్తవ వ్యయం బయటికి వచ్చిన రోజు, ఆ పట్టికలో రెండో గడిని దిద్ది, భాగహారాన్ని మళ్లీ చేయండి.